'సామ్యవాద తరహా సమాజం'లో ఈ తరహా ఏ తరహా?

కర్నూలు నుంచి, మొదటి పోస్టు:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి గ్రూప్-2కు చదువుతోంది. నిన్న రాత్రి పుస్తకంలోంచి తలెత్తి, "నాన్నా, 1955లో ఆవడి కాంగ్రెస్ మహాసభలో సామ్యవాద తరహా సమాజం అని తీర్మానం చేశారంట. తరహా అంటే ఇంతకీ సామ్యవాదమేనా, కాదా?" అని అడిగింది. ముప్పై ఏళ్లు పిల్లలకు సాంఘికం చెప్పినవాణ్ణి, నాకు జవాబు తోచలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి పంపించానే తప్ప ఆ మాట దగ్గర నేనెప్పుడూ ఆగలేదు.

'హైదరాబాద్ తరహా బిర్యానీ' అని బోర్డు చూస్తే అది హైదరాబాద్‌ది కాదని మనకు అర్థమైపోతుంది కదా. ఇది కూడా అట్లాంటిదేనా? ఇంగ్లీషులో 'సోషలిస్టిక్ ప్యాటర్న్ ఆఫ్ సొసైటీ'. ప్యాటర్న్‌కు తరహా సరిపోతుందా? పెద్దలు చెప్పాలి.

ఆదోని నుంచి:

సార్, తరహా మనకు ఉర్దూ నుంచి వచ్చిన మాట. 'ఇస్ తరహ్' అంటే ఇట్లా, 'కిస్ తరహ్' అంటే ఎట్లా. మా ఆదోని బజారులో రోజూ వినపడేదే. తెలుగులోకి వచ్చాక దీనికి రెండు పనులు పడ్డాయి. 'కొత్త తరహా మోసం' అంటే మోసం నిజంగా కొత్తదే. ఇక్కడ తరహా అంటే రకం. 'గెరిల్లా తరహా దాడి' అంటే మాత్రం చేసినవాళ్లు గెరిల్లాలు కానక్కర్లేదు. ఇక్కడ తరహా అంటే పోలిక. ముందున్నది విశేషణమైతే రకం, నామవాచకమైతే పోలిక. చిక్కంతా 'సామ్యవాద' దగ్గర వచ్చింది. సామ్యవాద పార్టీ అంటే విశేషణంలా నడుస్తుంది, సామ్యవాదం అంటే నామవాచకం. సమాసంలో సున్నా పోయాక ఏదో తేల్చలేం. మీ అమ్మాయి సరిగ్గా అతుకు దగ్గరే వేలు పెట్టింది.

అనంతపురం నుంచి:

మా పక్క తరహా పేపర్లోనే, నోట్లో మాదిరే. "వాడు వాళ్ల నాయన మాదిరే మొండోడు" అంటాం. ఈ మాదిరికీ రెండర్థాలున్నాయి: ఒకటి పోలిక, ఇంకొకటి చూసి చేయాల్సిన నమూనా, మాదిరి ప్రశ్నపత్రం లాగా. ప్యాటర్న్‌లో ఈ రెండోది గట్టిగా ఉంది. టైలర్ గుడ్డ మీద పెట్టి గీత గీసుకునే కాగితం ముక్క కూడా ప్యాటర్నే. తరహా అనేసరికి ఆ కత్తెర పోయింది, పోలిక మిగిలింది. నన్నడిగితే మాదిరే మేలు.

ఇంకో సంగతి. ఆవడిలో అన్నది 'సోషలిస్టిక్'. మరుసటేడు రెండో పంచవర్ష ప్రణాళికలో 'సోషలిస్ట్ ప్యాటర్న్' అని రాశారు. 'సోషలిస్టిక్' అంటే సామ్యవాదం లాంటిది, 'సోషలిస్ట్' అంటే సామ్యవాదమే. ఆ చివరి 'ఇక్' తీసేయడంలో ఎంత తేడా ఉందో! తెలుగులో రెండింటికీ ఒకటే మాట పడింది. పాపం మన తరహా, 'ఇక్' బరువూ 'ప్యాటర్న్' బరువూ తానే మోసింది.

నంద్యాల నుంచి:

అక్కా, మాట బాగా విప్పారు గానీ అది ఏ ఊళ్లో ఏ నెలలో పుట్టిందో చూడకపోతే ఎట్లా? ఆవడి మద్రాసు పక్కనే. తీర్మానం 1955 జనవరి. ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలు. అప్పుడు రాజధాని మన కర్నూలే. ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది, కమ్యూనిస్టులు గెలుస్తారని దేశమంతా అనుకుంటోంది. అటువంటప్పుడు కాంగ్రెస్ "మేమూ సామ్యవాదులమే, ఆ తరహా" అంది. 196 స్థానాల్లో కాంగ్రెస్ కూటమికి 146, కమ్యూనిస్టులకు 15 వచ్చాయి. ఒక్క తీర్మానంతోనే గెలిచారని నేననను. కమ్యూనిస్టు మాటల్లో పదునైనదాన్ని తీసుకుని, కొంచెం నూరి తమ సంచిలో వేసుకున్నారు. పూర్తి సామ్యవాదం అంటే భూములున్న రైతులు బెదిరేవాళ్లు. తరహా అంటే ఎవరికి కావలసింది వాళ్లకు వినపడింది.

కడప నుంచి:

అంటే ఊసరవెల్లి తరహా అన్నమాట :)

నంద్యాల నుంచి:

అట్లా తేల్చేయొద్దు తమ్ముడూ. 1959లో నాగపూర్ కాంగ్రెస్‌లో సహకార సేద్యం, అంటే రైతులు భూములు కలిపి ఉమ్మడిగా సాగు చేయడం, మీద తీర్మానం చేసినప్పుడు రైతు నాయకుడు ఎన్.జి.రంగా గారు పార్టీ వదిలారు, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. ఉత్త రంగు మార్పే అయితే అంత పెద్దవాళ్లు ఎందుకు బయటికి పోతారు? తరహాను కొందరు నిజంగానే నమ్మారు, కొందరు నిజంగానే భయపడ్డారు.

మన సీమవాళ్లు దీనికి దూరంగా లేరు. అనంతపురం జిల్లా ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారు 1960లో ముఖ్యమంత్రి పదవి వదిలి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ కుర్చీలోకి కర్నూలు పక్కన పెదపాడు దామోదరం సంజీవయ్య గారు వచ్చారు. 1962లో కుర్చీలు తారుమారు. రెడ్డి గారు మళ్లీ ముఖ్యమంత్రి, సంజీవయ్య గారు పార్టీ అధ్యక్షుడు. వరసగా ఇద్దరు అధ్యక్షులు, ఇద్దరూ పక్కపక్క జిల్లాలవాళ్లు. ఒకరు భూస్వామ్య కుటుంబం నుంచి, ఒకరు దళిత కుటుంబం నుంచి. ఇద్దరి నోటా ఒకే తీర్మానం. ఇద్దరికీ అందులో ఒకే అర్థం వినపడిందనుకోను.

ఆ తర్వాత 1964లో భువనేశ్వర్‌లో 'ప్రజాస్వామ్య సోషలిజం' అన్నారు. అక్కడ తరహా రాలిపోయింది.

అడ్మిన్:

చర్చ బాగుంది. ఇప్పటి పార్టీల మీద తీర్పులు మాత్రం వద్దు. మాట మీదే ఉండండి, దయచేసి.

అనంతపురం నుంచి:

మాట మీదే ఉంటానండీ. 1969లో ఇందిరాగాంధీ 14 బ్యాంకులను జాతీయం చేసిన రోజుల్లోనే తెలుగుకు ఇంకో మాట గట్టిగా అంటుకుంది: 'అంతరాత్మ ప్రబోధం'. రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మా సంజీవరెడ్డి గారు, గెలిచింది వి.వి.గిరి గారు. పార్టీ చెప్పినట్టు కాక అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు ఇందిరాగాంధీ. అంతరాత్మ ఓటేయించింది, పార్టీ రెండయింది. సిద్ధాంతం కోసం చీలారా, నాయకత్వం కోసమా అని మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. మా మామగారు సిద్ధాంతం అంటారు, మా ఆయన కుర్చీ అంటారు. నా మటుకు నాకు, కుర్చీ కోసం మొదలైన తగాదాకు సిద్ధాంతం మంచి భాష ఇచ్చిందనిపిస్తుంది. తరవాత ఆ భాషే నిజమై కూర్చుంది. 1971లో 'గరీబీ హటావో' అన్నారు చూడండి, అందులో సామ్యవాదమూ లేదు, తరహా లేదు. హిందీ క్రియ ఒక్కటే మోగింది.

ఆదోని నుంచి:

హిందీ అన్నారు కాబట్టి చెప్తా. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో 'సోషలిస్ట్' చేరింది. హిందీలో దాన్ని 'సమాజ్‌వాదీ' అన్నారు, తెలుగులో 'సామ్యవాద' అన్నారు. హిందీవాళ్లకు సామ్యవాద్ అంటే కమ్యూనిజం! మన పీఠికను వాళ్ల చెవితో వింటే భారతదేశం కమ్యూనిస్టు గణతంత్రం అయిపోతుంది. 2024 నవంబరులో ఆ మాటను తీసేయమని వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. సోషలిస్టు అంటే సంక్షేమ రాజ్యమని, ప్రైవేటు వ్యాపారానికి అడ్డు కాదని చెప్పింది. నిఘంటువు పని కోర్టు చేసింది. నా దృష్టిలో అది తరహాను దొడ్డిదారిన మళ్లీ లోపలికి తీసుకురావడమే.

కడప నుంచి:

ఇంకోటి సార్. ఎన్నికల సంఘం దగ్గర పార్టీ రిజిస్టర్ చేయాలంటే సోషలిజానికి కట్టుబడి ఉంటామని నియమావళిలో రాసివ్వాలి. 1988 సవరణ నుంచి అంతే. కుడి అయినా ఎడమ అయినా సంతకం తప్పదు. మా ఊసరవెల్లికి తోడు దొరికింది.

నంద్యాల నుంచి:

మా ఊరి సంగతి ఒక్కటి చెప్పి ఊరుకుంటా. 1977లో రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలుంటే కాంగ్రెస్ 41 గెలిచింది. పోయిన ఒక్కటీ మాదే, గెలిచింది జనతా పార్టీ తరఫున సంజీవరెడ్డి గారు. ఇక 1991లో ఉపఎన్నిక. అప్పటికే ప్రధాని అయిన పి.వి.నరసింహారావు గారిని అయిదు లక్షల ఎనభై వేల పైచిలుకు మెజారిటీతో పంపాం. జులైలో ఆయన ప్రభుత్వం పారిశ్రామిక లైసెన్సుల పద్ధతిని చాలామటుకు ఎత్తేసింది, నవంబరులో మేం ఓటేశాం. లైసెన్సుల గురించి మా వీధిలో ఒక్కరూ మాట్లాడింది నాకు గుర్తులేదు. తెలుగువాడు ప్రధాని అయ్యాడనేదే మాట. ఆయన ఆవడిని తిట్టలేదు, వదిలేశామనీ అనలేదు. 'మధ్యేమార్గం' అన్నారు. ఇదీ తరహా లాంటి మాటే, రెండు వైపులా మర్యాదగా దండం పెడుతుంది.

కర్నూలు నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. ఆదోని సార్ చెప్పిన రకం, పోలిక తేడా మా అమ్మాయికి బాగా నచ్చింది, నోట్సులో రాసుకుంది. అక్క చెప్పిన టైలర్ కాగితం వాళ్ల అమ్మకు నచ్చింది.

ఈ ఉదయం మాదిరి పరీక్ష రాసి వచ్చింది. ఆవడి మీద ప్రశ్న వచ్చిందట. ఏ సంవత్సరం అని అడిగారు.