‘ఈజనైకా’యా, ‘ఏజనైక’యా? రోలర్ కోస్టర్ల పేర్లు తెలుగులో రాయడం

బరంపురం నుంచి:
భువనేశ్వర్ దగ్గర వండర్‌లా తెరిచినప్పటి నుంచి మా వీధి పిల్లలకు రోలర్ కోస్టర్ల గోల తప్ప మరో ధ్యాస లేదు. మా తెలుగు సంఘం గోడపత్రికకు పేరున్న కోస్టర్ల, పార్కుల పట్టిక ఒకటి తయారు చేస్తున్నాను. ‘ఈజనైకా’, ‘లైస్‌బర్గ్’, ‘నోబెల్స్’, ‘షైక్రా’ అని రాస్తే సరిపోతుందా? పెద్దలు చెప్పగలరు.

పర్లాకిమిడి నుంచి:
నాలుగూ దిద్దాల్సినవే. ఇంగ్లీషు అక్షరాలు హ్రస్వమో దీర్ఘమో, తకారమో టకారమో చెప్పకుండా తప్పించుకుంటాయి. తెలుగులో రాసేవాడు తేల్చక తప్పదు. కాబట్టి పేరు ఎవరి భాషలోదో ముందు చూడండి.

మొదటిది జపాన్‌లోని ఫుజిక్యూ హైలాండ్‌లో 2006లో వచ్చింది. ఎక్కినవాళ్ల కుర్చీలు కూడా గిర్రున తిరిగే రకం. దాని పేరు ‘ఏజనైక’. ఇంగ్లీషులో పక్కపక్కన రెండు ‘ఇ’లు కనబడితే మనకు ‘ఈ’ తోస్తుంది, జపాను వారికి అది ‘ఏ’. చివరి ‘క’ హ్రస్వమే. అందులోని ‘జ’ను ‘జనం’లో లాగా పలకాలి, ‘జడ’లో లాగా కాదు. ఆ పార్కులోనే 2011లో వచ్చిన మరొకటి ఉంది, 121 డిగ్రీల వాలుతో. అంటే నిట్టనిలువు కూడా చాలక లోపలికి వంగి దిగుతుంది. దాన్ని మనవాళ్లు ‘టకబిషా’ అంటున్నారు. ఇంగ్లీషు ‘టి’ కనబడితే ట రాసేయడం మనకు అలవాటైపోయింది. జపాను వారి నాలుక పళ్లకే తగులుతుంది, కనుక ‘తకబిష’.

గోథెన్‌బర్గ్‌లో 1923 నుంచి నడుస్తున్న పార్కును స్వీడన్ వారు ‘లీసెబెరి’కి దగ్గరగా పలుకుతారు. చివరి గకారం యకారంలా మెత్తబడిపోతుంది.

ఇక ‘కనోబెల్స్’. ఎన్ ముందు కె పలకదని బడిలో బెత్తం పుచ్చుకుని మరీ నేర్పారు. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్‌కు ఆ సూత్రం చెల్లుతుంది. పెన్సిల్వేనియాలోని ఈ పార్కు దగ్గర మాత్రం కకారం నిక్షేపంగా వినబడుతుంది.

‘షైక్రా’ కాదు, ‘షీక్రా’. ఫ్లోరిడాలోని బుష్ గార్డెన్స్‌లో 2005లో కట్టారు. శిక్రా అనే డేగ పేరు పెట్టారు. ఆ డేగ మన పొలాల మీదా తిరిగేదే, అక్కడి స్పెల్లింగు చూసి మనం పోల్చుకోలేకపోయాం!

రాయగడ నుంచి:
మాస్టారూ, ‘లీసెబెరి’ అని రాస్తే పిల్లవాడు ఏమని వెతుక్కుంటాడు? మనం బరంపురం అంటాం, ఒడియా వారు బ్రహ్మపుర అంటారు. ఎవరూ ఎవరినీ దిద్దలేదు కదా.

పర్లాకిమిడి నుంచి:
బరంపురం తరతరాల నోళ్లలో నలిగి మనదైన పేరు. ‘లైస్‌బర్గ్’ నిన్నగాక మొన్న ఎవరో స్పెల్లింగు చూసి ఊహించినది. రెంటికీ పోలిక లేదు. గోథెన్‌బర్గ్ పత్రికల్లో స్థిరపడింది, దాని జోలికి పోను. గిడుగు రామమూర్తి గారు సవర మాటలు చెవులారా విని రాసుకున్న ఊరు మాది. ఇక్కడ కూర్చుని, చూసి రాసేయండని చెప్పడానికి నాకు నోరు రాదు. వెతుక్కోవడానికి పక్కన ఇంగ్లీషు స్పెల్లింగు వేయండి, చాలు.

బరంపురం నుంచి:
అలాగేనండీ. మరి స్పెయిన్‌లోని పోర్ట్‌అవెంతూరాలో 2012లో వచ్చిన 76 మీటర్ల కోస్టర్ సంగతి? దాని పేరు శంభల. వాళ్లకు ఒత్తు భకారం పలకదు, ‘షాంబాలా’ అంటారట. అలాగే రాయాలా?

పర్లాకిమిడి నుంచి:
వద్దు. కల్కి పుట్టబోయే ఊరి పేరు పలకడం మనం స్పెయిన్ వారి దగ్గర నేర్చుకోనక్కరలేదు. భకారానికి ఒత్తు ఉంచండి.

రాయగడ నుంచి:
అంటే సూత్రం మనకు నచ్చినంత వరకేనన్నమాట! సరే, జర్మనీలోని యూరోపా పార్కును వాళ్లలాగే ‘ఓయ్‌రోపా’ అని రాయమంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడి చెక్క కోస్టర్ ‘వోడన్’తో ఏ పేచీ లేదు. ఇంగ్లీషు వాళ్లకు దాని తొలి అక్షరంతో తంటా. మనకున్నది వకారం ఒక్కటే.