ఇంటి దగ్గరే మినీ లారీ ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చుకోవడం గురించి సందేహాలు

పొదలకూరు నిమ్మబండి:
నమస్కారం. నిమ్మకాయల బస్తాలు తోలే బీఎస్-4 డీజిల్ మినీ లారీ నాది. కిందటిసారి ఆయిల్ మార్పించిన షెడ్డులో కుర్రవాడు పానాకు పైపు తగిలించి మరీ ఆయిల్ దింపే డ్రెయిన్ నట్టు బిగించడంతో, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబరు మర చెడిపోయింది. కొత్త మర వేయించేసరికి మంచి సీజనులో రెండు రోజులు బండి నిలిచిపోయింది. అందువల్ల ఈసారి మా దొడ్లో నేనే మార్చుకుందామని అనుకుంటున్నాను. ఆయిల్ వేడి మీద దింపాలా, చల్లారాకనా? నట్టు ఎంత బిగించాలి? కొత్త ఫిల్టరులో ముందుగా ఆయిల్ నింపి ఎక్కించాలని మా పక్కింటి డ్రైవరు అంటున్నారు, అది సరైనదేనా?

ఒంగోలు మెకానిక్:
పది నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపి, మరో పది నిమిషాలు ఆగి దింపండి. పూర్తిగా చల్లారిన ఆయిల్ చిక్కబడి మడ్డిని అడుగునే వదిలేస్తుంది. దూరప్రయాణం చేసి వచ్చిన వెంటనే విప్పితే చెయ్యి కాలుతుంది. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. కిందికి దూరడానికి ఎత్తు చాలకపోతే జాకీతో లేపి స్టాండ్ల మీద దించాలి తప్ప, ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి వెళ్లకూడదు.

నట్టు విషయానికి వస్తే, ఆయిల్ కారకుండా ఆపేది మన బలం కాదు, నట్టు కింద నలిగి కూర్చునే వాషరు. ప్రతిసారీ కొత్త వాషరు వేసి, మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు తిరగకపోతే మర అడ్డంగా పడిందని అర్థం. విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. చివరి బిగింపు కంపెనీ పుస్తకంలో ఇచ్చిన టార్కు (ఎంత బలంతో బిగించాలో చెప్పే కొలత) ప్రకారం టార్కు పానాతో చేయడం మేలు, ముఖ్యంగా మీది ఒకసారి మర వేయించిన ఛాంబరు కాబట్టి.

డబ్బా రకం ఫిల్టరు విప్పడానికి బెల్టు పానా వాడవచ్చు గాని, బిగించడానికి చెయ్యి చాలు. కొత్త రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ రాసి, రింగు ఇంజినుకు తగిలిన తరువాత సాధారణంగా ముప్పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. ఫిల్టరు మీద వేరే కొలత ముద్రించి ఉంటే దానినే పాటించండి. పాత ఫిల్టరు ఊడినప్పుడు దాని రింగు కూడా దానితోనే వచ్చిందో లేదో తప్పక చూడండి. పాత రింగు ఇంజినుకే అతుక్కుని ఉండగా దాని మీద కొత్తది బిగిస్తే, స్టార్టు చేసిన కాసేపటికే ఆయిలంతా చిమ్మిపోతుంది.

ముందుగా నింపడం గురించి: మధ్య రంధ్రంలో పోసిన ఆయిల్ వడపోత లేకుండా నేరుగా బేరింగుల దాకా వెళ్తుంది, డబ్బా మూత దగ్గరి ఇసుక రేణువు కూడా దానితోపాటే వెళ్తుంది. పుస్తకంలో నింపమని ఉంటేనే నింపండి. లేదంటే స్టార్టు చేశాక ఆయిల్ లైటు ఆరేవరకు ఎక్సలేటరు తొక్కకుండా ఉంటే చాలు. లైటు కొద్ది సెకన్లలో ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపాలి.

చీమకుర్తి లారీ యజమాని:
పై సమాధానానికి రెండు మాటలు కలుపుతున్నాను. ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగాకే ఆయిల్ మట్టం చూపే గేజి పుల్ల చూడండి. పై గీత దాటి పోస్తే ఇంజిన్ లోపల తిరిగే క్రాంకు ఇరుసు ఆయిలును చిలికి నురగ చేస్తుంది. డీజిల్ ఇంజినులో కొత్త ఆయిల్ త్వరగా నల్లబడటం మసి వల్లనే, దానికి కంగారు పడనక్కరలేదు. పాలలా తెల్లబడితే కూలెంటు (ఇంజినును చల్లబరిచే ద్రవం) కలుస్తున్నదేమోనని, పోయకుండానే మట్టం పెరుగుతుంటే డీజిల్ దిగుతున్నదేమోనని చూపించుకోవాలి. మా గ్రానైట్ క్వారీల దుమ్ములో తిరిగే బండ్లకు పుస్తకంలోని మామూలు గడువు పనికిరాదు; కఠిన వాడకానికి రాసిన తక్కువ గడువునే నేను పాటిస్తాను. ఇది చదివే బీఎస్-6 డీజిల్ బండ్లవారు డీపీఎఫ్‌కు (పొగలోని మసిని పట్టే ఫిల్టరుకు) సరిపడే తక్కువ బూడిద రకం ఆయిలే పోయాలి.

ముత్తుకూరు రొయ్యల రైతు:
దింపిన ఆయిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. దానిని కాలువలో పోస్తే మా చెరువులకు తోడుకునే నీటిలోనే తేలుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ కూడా వస్తుంది. మూత ఉన్న డబ్బాలో, డీజిలూ కూలెంటూ కలపకుండా దాచి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికి చేరవేసే షెడ్డులో ఇవ్వండి. చెదలు పట్టవని కొట్టం గుంజలకు పూసే అలవాటు మన వైపు ఉంది గాని, గేదెలు నాకే చోట అది అసలే వద్దు.

పొదలకూరు నిమ్మబండి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఉదయం మార్చాను. ఒంగోలు వారు చెప్పకపోయి ఉంటే గమనించేవాణ్ణి కాదు: పాత రింగు నిజంగానే ఇంజినుకు అతుక్కుని ఉంది, అదీ నల్లగా ఉండటంతో ఇనుములో కలిసిపోయినట్లు కనిపించింది, గోటితో గీకితే గాని ఊడలేదు. రాత్రంతా బండి కింద పరచిన అట్టముక్క మీద ఉదయానికి మరక లేదు. పాత ఆయిల్ ఇంకా డబ్బాలోనే ఉంది, నెల్లూరు వెళ్లినప్పుడు ఇచ్చి వస్తాను.