ఏబీఏ జట్లు ఎన్‌బీఏలో కలిసినప్పుడు ఎవరికి ఎంత దక్కింది?

ఫాస్ట్‌బ్రేక్ అడిగిన ప్రశ్న:
అమెరికాలో ఏబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ 1967లో మొదలై తొమ్మిది సీజన్లు ఆడింది. ఎరుపు తెలుపు నీలం బంతి, మూడు పాయింట్ల గీత (దాని బయటి నుంచి బంతి వేస్తే రెండుకి బదులు మూడు పాయింట్లు) దాని గుర్తులు. ఆ గీత నిజంగా వాళ్ళు కనిపెట్టిందేనా? 1976లో దాని పోటీ లీగ్ ఎన్‌బీఏలోకి నాలుగు జట్లే ఎందుకెళ్ళాయి? సెయింట్ లూయిస్ జట్టు యజమానుల ‘ఏడో వంతు’ టీవీ డబ్బు గురించి అందరూ చెబుతారు గానీ, దేంట్లో ఏడో వంతో ఎవరూ రాయరు. తెలిసినవాళ్ళు వివరిస్తారా?

కార్నర్‌త్రీ:
గీత వాళ్ళది కాదండీ. 1961లో ఏబ్ సేపర్‌స్టీన్ పెట్టిన ఏబీఎల్ అనే లీగ్‌లో అది ముందే ఉంది. ఆ లీగ్ రెండో సీజన్ మధ్యలోనే మూతపడింది. ఏబీఏ దాన్ని తీసుకుని తొమ్మిదేళ్ళు నిలబెట్టింది. ఎన్‌బీఏ మాత్రం 1979–80 దాకా ఒప్పుకోలేదు. అక్కడ గీత దూరం 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. మూలలో తగ్గించడానికి కారణం కోర్టు వెడల్పు. అది 50 అడుగులు, అంటే రింగు మధ్య నుంచి పక్క గీతకి 25. అక్కడా 23 అడుగుల 9 అంగుళాలకే గీస్తే ఆటగాడు నిలబడటానికి 15 అంగుళాలే మిగులుతాయి, చాలా ఇరుకు.

టిప్‌ఆఫ్:
డబ్బు లెక్క నేను చెబుతా. చివరికి మిగిలినవి ఆరు జట్లు. ఏడోదైన వర్జీనియా స్క్వైర్స్ విలీనానికి ముందే చేతులెత్తేసింది. డెన్వర్, ఇండియానా, న్యూయార్క్ నెట్స్, శాన్ ఆంటోనియో లోపలికెళ్ళాయి. ఒక్కో జట్టు 32 లక్షల డాలర్లు కట్టింది, పైగా మొదటి మూడేళ్ళు టీవీ డబ్బులో వాటా లేదు. నెట్స్‌కి ఇంకో దెబ్బ: న్యూయార్క్‌లో అప్పటికే ఉన్న ఎన్‌బీఏ జట్టు నిక్స్ ఊళ్ళోకి వస్తున్నందుకు ఆ జట్టుకి 48 లక్షలు ఇచ్చుకోవాలి. అందుకే తమ స్టార్ ఆటగాడు జూలియస్ ఎర్వింగ్‌ని 30 లక్షలకి ఫిలడెల్ఫియాకి అమ్మేశారు. లీగ్ చివరి ఛాంపియన్ జట్టు తన ప్రాణాన్నే అమ్ముకుని కొత్త ఇంట్లో అడుగుపెట్టిందన్నమాట.

మిగిలిన రెండు జట్లలో కెంటకీ యజమాని 30 లక్షలు పుచ్చుకుని పక్కకి తప్పుకున్నాడు. సెయింట్ లూయిస్ యజమానులు సిల్నా సోదరులు 22 లక్షలతో పాటు, లోపలికెళ్ళిన నాలుగు జట్ల ఒక్కో టీవీ వాటాలో ఏడో వంతు అడిగారు. మొత్తం లీగ్ ఆదాయంలో కాదు! నాలుగు ఏడో వంతులు కలిపితే ఒక జట్టు వాటాలో 4/7. అసలు మెలిక గడువులో ఉంది: లీగ్ ఉన్నంతకాలం. అప్పట్లో ఎన్‌బీఏ టీవీ డబ్బు చాలా తక్కువ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2014లో ఆ ఒప్పందాన్ని చాలావరకు వదిలించుకోడానికి ఎన్‌బీఏ 50 కోట్ల డాలర్లు ఇవ్వాల్సొచ్చింది.

ఫాస్ట్‌బ్రేక్:
4/7 లెక్కతో చిక్కు విడిపోయింది, థాంక్స్. మరి కలవాలనుకున్నవాళ్ళు అంతకాలం ఎందుకాగారు?

జంప్‌షాట్:
ఆపింది ఆటగాళ్ళే. రెండు లీగ్‌లు పోటీపడితేనే జీతాలు పెరుగుతాయి, ఒకటైపోతే బేరం పోతుంది. అందుకే ఆటగాళ్ళ సంఘం అధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ 1970లో దావా వేశాడు. 1976లో రాజీ కుదిరాకే విలీనానికి దారి తెరుచుకుంది.

టిప్‌ఆఫ్ గారి లెక్కకి ఒక చేర్పు. మూతపడిన జట్ల ఆటగాళ్ళని విడిగా పంచారు. ఆర్టిస్ గిల్‌మోర్ 11 లక్షల డాలర్లకి షికాగోకి వెళ్ళాడు. మోజెస్ మలోన్‌ని పోర్ట్‌లాండ్ 3 లక్షలకే తీసుకుని, సీజన్ మొదలవకముందే వదులుకుంది. ఆ మలోనే తర్వాత మూడుసార్లు ఎమ్‌వీపీ, అంటే లీగ్‌లో సీజన్ ఉత్తమ ఆటగాడు!