అప్‌డేట్: మా అమ్మాయి ఆర్ట్ పోర్ట్‌ఫోలియో, దరఖాస్తుల సంగతి

ఇంటర్ ఎంపీసీ చదివిన మా అమ్మాయి విదేశాల్లో స్టూడియో ఆర్ట్‌కు (చిత్రలేఖనం, శిల్పం వంటి కళల చదువుకు) దరఖాస్తు చేయవచ్చా అని విజయవాడ నుంచి లోగడ అడిగాను. మార్కుల కన్నా పోర్ట్‌ఫోలియోయే (దరఖాస్తుతో పంపే సొంత బొమ్మల సంకలనమే) ముఖ్యమని మీలో చాలామంది చెప్పారు. అమెరికాలోని రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ అనే కళాశాల 12 నుంచి 20 చిత్రాలు అడుగుతుంది. వాటి కోసం మా అమ్మాయి, ఫొటోలు చూసి వేసిన పెన్సిల్ బొమ్మలను పక్కన పెట్టి, కొండపల్లిలో ఒక కళాకారుడి ముంగిట కూర్చుని, ఆయన పొణికి కర్రను చెక్కడం, చింతగింజల మక్కుతో బొమ్మకు చేతులు అతికించడం వరుసగా గీసింది. కొట్టివేతలున్న స్కెచ్‌బుక్ పేజీలనూ జతచేసింది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ కళాశాలలో గ్రేడ్లు ఇవ్వరని, క్రెడిట్ (కోర్సు పూర్తిచేసినట్టు గుర్తింపు) వచ్చిందా లేదా అన్నదే చూస్తారని తెలిసి మా బంధువులు విస్తుపోయారు (ర్యాంకు లేని చదువేమిటని వారి బెంగ). ప్రవేశం అక్కడే వచ్చింది. స్కాలర్‌షిప్ పోగా మిగిలే ఫీజు మాకు భారమే కాబట్టి, బ్యాంకు రుణం సంగతి తేలాకే సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కడతాము.