సైకిల్ కార్బన్ రిమ్ముకు మన వీధి మేస్త్రీ చేత స్పోకులు వేయించొచ్చా?

అలిపిరి పొద్దు:
50 మిల్లీమీటర్ల లోతున్న కార్బన్ రిమ్ములు రెండు కొన్నాను. డిస్క్ బ్రేకువి, ఒక్కోదానికి 24 స్పోకులు. హబ్బులు (చక్రం నడిమి భాగాలు) పాతవే. చెన్నైకి పంపి కట్టించమని మా రైడింగ్ బ్యాచ్ మొత్తం ఒకటే పోరు. కొర్లగుంటలో నా చిన్నప్పటి నుంచీ బెండు తీస్తున్న మేస్త్రీ ఉన్నాడు, ఆయన చాలడా?

బైరాగిపట్టెడ:
ఆయన చేతికి దండం, కానీ వద్దన్నా. అల్యూమినియం రిమ్ములో ఒక స్పోకు ఎక్కువ బిగిస్తే రిమ్ము అటు వంగుతుంది, మేస్త్రీ కంటికి దొరికిపోతుంది. కార్బన్ అంత తేలిగ్గా వంగదు. ఒక స్పోకు 120 కిలోలు, పక్కది 80 కిలోలు లాగుతున్నా చక్రం చక్కగానే తిరుగుతుంది. వదులుగా ఉన్నదాని నిపిల్, అంటే స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు, దారిలో మెల్లగా విప్పుకుంటుంది. కంటిని నమ్మే పని కాదిది, స్పోకు బిగువు కొలిచే టెన్షన్ మీటర్ కావాలి.

ఘాట్ పిచ్చోడు:
భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే ఆ వేడికి కార్బన్ రిమ్ములోని రెసిన్ మెత్తబడి అంచు ఉబ్బుతుంది. అసలు కొనకుండా ఉండాల్సింది.

అలిపిరి పొద్దు:
డిస్క్ అని రాశాను కదా అన్నా. వేడంతా డిస్కుకే.

పాత స్పోక్ కీ:
మీటర్లు రాకముందు ఎవరూ చక్రాలు కట్టలేదా తమ్ముడూ? గోటితో మీటి వినండి. ఒకే వైపున్న, ఒకే పొడవున్న స్పోకులన్నీ ఒకే శ్రుతి పలికితే బిగువు సమానంగా ఉన్నట్టే. షడ్జమానికీ శుద్ధ రిషభానికీ ఉన్నంత తేడా వినిపించిందా, బిగువులో 12 శాతానికి పైనే తేడా ఉంది. సంగీతం రాని చెవికి కూడా అది తెలుస్తుంది. రెండు వైపులా ఒకే శ్రుతి మాత్రం వెతకొద్దు. వెనక చక్రంలో గేర్ల వైపు, ముందు చక్రంలో డిస్క్ వైపు బిగువు ఎక్కువే ఉండాలి. అది తెలియక సమానం చేయబోయి రిమ్మును మధ్యలో నుంచి పక్కకు లాగేసినవాళ్లను చూశాను. ఇంకోటి, నిపిళ్లు ఇత్తడివే వేయించు. అల్యూమినియంవి కార్బన్‌కు తగిలి, చెమట కూడా చేరితే తుప్పు పట్టి పొడి అవుతాయి.

బైరాగిపట్టెడ:
శ్రుతి సమానమో కాదో చెబుతుంది సార్, ఎన్ని కిలోలో చెప్పదు. కంపెనీ చెప్పిన హద్దు దాటితే నిపిల్ రంధ్రం దగ్గర పగులు వస్తుంది. పైగా స్పోకులు అల్లుకున్న చోట ఒకదానికొకటి తగులుతాయి, అక్కడ శ్రుతి కూడా తప్పు చెబుతుంది.

పాత స్పోక్ కీ:
తగిలే చోటుకు పైన, రిమ్ము దగ్గర మీటాలి. కిలోల సంగతి ఒప్పుకుంటాను.

ఘాట్ పిచ్చోడు:
పాత స్పోకులే వేస్తున్నారా?

పాత స్పోక్ కీ:
కుదరదు, రిమ్ము లోతు పెరిగితే స్పోకు పొట్టిది కావాలి. రిమ్ము పెట్టె మీద రాసిన కొలత చూసి స్పోకులు కొనొద్దు. రెండు స్పోకులు నిపిళ్లతో సహా ఎదురెదురు రంధ్రాల్లో పెట్టి స్వయంగా కొలుచుకో. రెండు మిల్లీమీటర్లు తప్పినా డబ్బు దండగే.

అలిపిరి పొద్దు:
సరే, కొలత నేను తీస్తాను, అల్లిక మేస్త్రీది. బైరాగిపట్టెడ అన్నా, ఆదివారం మీ మీటర్ తెస్తారా?

బైరాగిపట్టెడ:
తెస్తాను. ఆయన కట్టడం అయ్యేదాకా ఆ మాట చెప్పకు.