మోటర్‌హోమ్ బ్యాటరీకి కటాఫ్ స్విచ్: ప్లస్ వైపా, మైనస్ వైపా?

ప్రశ్న (మిషిగన్ నుంచి):
నమస్కారమండీ. మాది ఫోర్డ్ ఇ-450 బండి మీద కట్టిన పాత మోటర్‌హోమ్, అంటే చక్రాల మీది ఇల్లు. లోపలి లైట్లు, ఫ్రిజ్ వగైరాలకు 6 వోల్టుల గోల్ఫ్‌కార్ట్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉన్నాయి. తలుపు పక్కనున్న స్విచ్ ఆఫ్ చేసే వెళ్తాను. అయినా రెండు వారాల తర్వాత చూస్తే బ్యాటరీ దిగిపోయి ఉంటోంది. పోయినేడు ఒక జత ఇలాగే పాడైంది. బ్యాటరీ దగ్గరే కరెంటు మొత్తం ఆపే కటాఫ్ స్విచ్ పెట్టేద్దామనుకుంటున్నాను. ఏ వైపు పెట్టాలి? పైన సోలార్ ఉంది గానీ బండి ఉండేది షెడ్డులో.

జవాబు (టెక్సస్ నుంచి):
ముందు కరెంటు ఎంత పోతోందో చూడండి. అన్నీ ఆఫ్ చేసి, మైనస్ కేబుల్ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంపుల మీద పెట్టండి. ఆ టైంలో ఎవరూ లోపల పంపు వేయకూడదు. మా పిల్లాడు వేశాడు, మీటరు ఫ్యూజు ఎగిరిపోయింది.

మా బండిలో అర ఆంపు చూపించింది. అర ఆంపే కదా అనుకోకండి, రోజుకు 12 ఆంప్-అవర్లు. మీ జత సుమారు 220 ఆంప్-అవర్లు అనుకుంటే తొమ్మిది రోజుల్లో సగం ఖాళీ. చాలా బళ్లలో తలుపు దగ్గరి స్విచ్ అన్నిటినీ ఆపదు. గ్యాస్ డిటెక్టర్ లాంటివి నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటాయి.

స్విచ్ మైనస్ వైపు పెట్టండి. బిగించేటప్పుడు స్పానర్ ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రం, అది మైనస్‌కే కలిపి ఉంటుంది) తగిలినా మెరుపులు రావు.

జవాబు (కాలిఫోర్నియా నుంచి):
అన్నా, సోలార్ లేకపోతే మీరు చెప్పిందే కరెక్ట్. ఉంటే మాత్రం చిక్కు. సోలార్ కంట్రోలర్ (ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఛార్జింగ్ చూసుకునే పెట్టె) మైనస్ వైరు బ్యాటరీకీ, ఇంకోచోట ఛాసిస్‌కీ కూడా తగిలి ఉంటే, స్విచ్ ఆఫ్ చేసినా కరెంటు ఆ దారిన పోతూనే ఉంటుంది. పెద్ద లోడు వేస్తే ఆ సన్న వైరు కాలిపోతుంది కూడా. అందుకే నేను ప్లస్ వైపు పెట్టాను. బ్యాటరీ ప్లస్ పోస్టు (వైర్లు బిగించే కొమ్ము) మీద ఉన్న వైర్లన్నీ స్విచ్ అవతలి బోల్టుకి మార్చాలి, ఒక్కటి మర్చిపోయినా పని దండగ. సోలార్ ప్లస్ ఒక్కటే ఫ్యూజుతో బ్యాటరీ మీదే ఉండాలి. పని మొదలుపెట్టే ముందు మైనస్ విప్పేయండి, చివర్లో బిగించండి.

జనరేటర్ ఈ బ్యాటరీతోనే స్టార్ట్ అవుతుంటే స్విచ్ 300 ఆంపులది తీసుకోండి. పోస్టు మీద బిగించే చవక కత్తి స్విచ్‌లు వద్దు, తుప్పు పడతాయి. స్విచ్‌ని బ్యాటరీ పెట్టెలో పెట్టకండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పెట్టె బయట, కేబుల్ వీలైనంత పొట్టిగా ఉండేచోట బిగించండి.

జవాబు (టెక్సస్ నుంచి):
సోలార్ సంగతి నాకు తట్టలేదు, నిజమే. ఇంకో మాట. స్విచ్ ఆపితే గ్యాస్ డిటెక్టర్ కూడా ఆగుతుంది కాబట్టి సిలిండర్ వాల్వు మూసేయండి, ఆ బండిలో పడుకోకండి. బయటి కరెంటు ప్లగ్ పెట్టినా స్విచ్ ఆఫ్‌లో ఉంటే బ్యాటరీ ఛార్జ్ కాదు. కాబట్టి చలికాలానికి ముందు నిండా ఛార్జ్ చేసి ఆపండి. నిండిన బ్యాటరీ మీ చలికి గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయింది మాత్రం మైనస్ 7 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి పగిలిపోవచ్చు.

అడిగినవారు:
ప్లస్ వైపే పెట్టాను. పోస్టు మీద నాలుగు వైర్లు బయటపడ్డాయి, అందులో ఒకటి ఎక్కడికి పోతోందో సాయంత్రం దాకా తెలియలేదు. మెట్ల మోటారుదట! ముందు 0.7 ఆంపులుండేది, ఇప్పుడు మీటరులో దాదాపు సున్నా. కానీ సోలార్ కంట్రోలర్ లైటు ఇంకా వెలుగుతోంది. వైరింగ్ తప్పు చేశానా?

జవాబు (కాలిఫోర్నియా నుంచి):
తప్పేం లేదండీ, నేరుగా బ్యాటరీకే ఉంది కదా, వెలగాలి. అది తినేది కొన్ని మిల్లీ ఆంపులే. షెడ్డులో ఎండ రాదు గనక ముందు ప్యానెల్ వైరు, తర్వాత బ్యాటరీ దగ్గరి సోలార్ ఫ్యూజు తీసేయండి. బయటికి తెచ్చినప్పుడు ముందు ఫ్యూజు పెట్టి, ఆ తర్వాతే ప్యానెల్ కలపండి.