పర్లాకిమిడి నుంచి జర్మనీ వెళ్తున్నాను: ఫోను ఎలా నడపాలి, ఇంట్లో ఆయన బటన్ల ఫోనుకి ఎలా దొరకాలి?

పర్లాకిమిడి_టీచరమ్మ (సెప్టెంబరు 4)

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. 31 ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి జర్మనీలో కోన్‌స్టాన్జ్ అనే ఊళ్ళో యూనివర్సిటీలో పనిచేస్తోంది. అక్టోబరు ఆఖరుకి తనకి నెలలు నిండుతాయి. పురుడు పోయడానికి సెప్టెంబరు 20న ఒక్కదాన్నే బయల్దేరుతున్నాను. డిసెంబరు మొదటి వారం దాకా అక్కడే ఉంటాను. విశాఖపట్నంలో ఎక్కి ఢిల్లీ, ఢిల్లీ నుంచి జూరిక్. అంటే దిగేది స్విట్జర్లాండ్‌లో, ఉండేది జర్మనీలో. జూరిక్ ఎయిర్‌పోర్టులోనే రైలెక్కితే గంట పైచిలుకులో వాళ్ళ ఊరు వచ్చేస్తుందట.

మా వారు రావడం లేదు. నిరుడు గుండెకి స్టెంట్ వేశారు, అంత దూరం ప్రయాణం వద్దన్నారు డాక్టరు గారు. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. టచ్ ఫోను రెండుసార్లు కొనిచ్చాం, వేళ్ళు వణుకుతాయి, వాడలేకపోయారు. మేడ మీద అద్దెకున్న కుర్రాడు వాట్సాప్‌లో చూపిస్తానన్నాడు గానీ వాడిది రాత్రి డ్యూటీ. ఆయనకి ఒంట్లో బాగోకపోతే ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఆ బటన్ల ఫోను లోంచే నాకు కబురు చెయ్యగలగాలి. నాకు కావలసింది ముఖ్యంగా అదే. రెండోది, నా పెన్షను బ్యాంకు ఓటీపీలు నా నంబరుకే వస్తాయి, అవి ఆగకూడదు.

బిల్లు భయం ఎందుకంటే, మా బావగారు దుబాయ్‌లో తొమ్మిది రోజులుండి వస్తే పోస్ట్‌పెయిడ్ బిల్లు 11,400 రూపాయలు వచ్చింది. ఫోను జేబులోనే ఉంది, ఒక్క ఫోటో కూడా పంపలేదంటారు. కంపెనీ వాళ్ళని అడిగితే డేటా వాడారు, కట్టాల్సిందే అన్నారు.

రోమింగంటే ఏంటో మా ఊరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాతపట్నం, పర్లాకిమిడి ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. అటు ఆంధ్ర, ఇటు ఒడిశా. రోమింగుకి డబ్బులు కోసే రోజుల్లో మా డాబా మీద తూర్పు మూల నిలబడి మాట్లాడితే మామూలు కాలు. పడమటి మూలకి వస్తే ఫోను పాతపట్నం టవరు పట్టేసేది, బ్యాలెన్స్ కరిగిపోయేది. ఇంట్లో కూర్చుని పరాయి రాష్ట్రం రేటు కట్టాం. అందుకే అడుగుతున్నాను, తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. నా ఫోను రెడ్‌మీ, రెండు సిమ్ములు పడతాయి.

---

గుణుపూర్_శీను

టీచర్ గారూ, ఎక్కువ ఆలోచించకండి. మీ సిమ్ మీదే కంపెనీ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ వేసుకోండి. నేను సింగపూర్ ఆరు రోజులు వెళ్ళినప్పుడు అదే చేశాను. విమానం దిగాక ఫోను ఆన్ చేస్తే నెట్ వచ్చేసింది, ఏ షాపుకీ వెళ్ళలేదు.

---

బరంపురం_మొబైల్స్

శీను గారు చెప్పింది వారం రోజుల ప్రయాణానికి సరిపోతుంది. రెండున్నర నెలలకి ప్యాకులు వేసుకుంటూ పోతే తడిసి మోపెడవుతుంది. అమ్మా, మాది బరంపురంలో మొబైల్ షాపు. గల్ఫ్‌కి పోయేవాళ్ళు, పిల్లల దగ్గరికి పోయే పెద్దవాళ్ళు నెలకి పదిమందైనా ఇదే అడగడానికి వస్తారు.

ముందు మీ ఫోనులో *#06# కొట్టండి. ఐఎంఈఐ అనే ఫోను గుర్తింపు నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల నంబరు కనపడితే ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోకే ఎక్కించుకునే సిమ్) పడుతుంది. కనపడకపోతే పడదు, దానికోసం కొత్త ఫోను కొనకండి. ఈ-సిమ్ పడితే మాత్రం ఇంట్లో వైఫై మీద ఇక్కడే ఎక్కించుకోండి. అక్కడ దిగాక ఎక్కిద్దాం అంటే ఎక్కించడానికే నెట్ కావాలి. ఈ-సిమ్ కొంటే ఇచ్చే క్యూఆర్ కోడు చాలావరకు ఒక్కసారే పనిచేస్తుంది. మొన్న ఒకాయన ఫోను శుభ్రం చేస్తున్నానని ఈ-సిమ్ డిలీట్ చేసేశాడు, మళ్ళీ కొనాల్సొచ్చింది.

మీ బావగారి సంగతి నాకు కొత్త కాదు. వాళ్ళు వాడకపోయినా ఫోను ఊరుకోదు. తీసిన ఫోటోలు పైకి ఎక్కిస్తుంది, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటుంది, వాట్సాప్ గ్రూపుల వీడియోలు దింపుకుంటుంది. ఇండియా సిమ్ మీద డేటా రోమింగ్ ఆపేస్తే ఇవేవీ జరగవు. ఓటీపీలు డేటా మీద రావు, మామూలు ఎస్సెమ్మెస్ మీద వస్తాయి, అందుకని డేటా రోమింగ్ ఆపినా అవి ఆగవు. కాకపోతే ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ముందే ఆన్ చేయించుకోవాలి, రీచార్జ్ గడువు మీరు తిరిగొచ్చే రోజు దాటి ఉండాలి. ఈ రెండూ ఇండియాలో ఉండగానే చూసుకోండి.

---

రాయగడ_బాబు

టీచర్ గారూ, మీ ప్రశ్న చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నేను జర్మనీలో సింగెన్ అనే ఊళ్ళో రెండేళ్ళు పనిచేశాను. మీ అమ్మాయి ఊరు అక్కడికి రైల్లో అరగంట దూరం, ఆదివారాలు అక్కడే తిరిగేవాణ్ణి. మీరు పాతపట్నం, పర్లాకిమిడి అన్నారు కదా, కోన్‌స్టాన్జ్ అచ్చం అంతే. దాన్ని అంటుకుని క్రొయిత్స్‌లింగెన్ అనే స్విట్జర్లాండ్ ఊరుంది. ఒక వీధి జర్మనీ, పక్క వీధి స్విట్జర్లాండ్.

మీకు వచ్చే చిక్కు అక్కడే. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక దేశం సిమ్ మిగతా సభ్య దేశాల్లో రోమింగ్ ఛార్జీ లేకుండా నడుస్తుంది. జర్మనీ సిమ్‌తో ఫ్రాన్స్ వెళ్ళినా భయం లేదు. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి)‌లో ఉంది కాబట్టి మీకు వీసా ఒకటే సరిపోతుంది, అందుకే సిమ్ కూడా ఒకటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మొదటి నెలలో 38 యూరోలు పోగొట్టుకున్నాను. నేను సరిహద్దు దాటనే లేదు. సరస్సు ఒడ్డున కూర్చున్నాను, ఫోను అవతలి టవరు పట్టింది, అంతే.

మీ డాబా మీద మూల మారితే సరిపోయేది. ఇక్కడ ఫోనుకే చెప్పాలి. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ కింద 'ఆటోమేటిక్' అని ఉంటుంది, దాన్ని తీసేస్తే అందుతున్న టవర్ల పేర్లు వస్తాయి. టెలికామ్, వోడాఫోన్, ఓటూ అంటే జర్మనీవి. స్విస్‌కామ్, సన్‌రైజ్, సాల్ట్ అంటే స్విట్జర్లాండ్‌వి. మీ సిమ్ ఏ జర్మనీ కంపెనీ మీద నడుస్తుందో దాన్ని చేత్తో ఎంచుకోండి. జర్మనీ సిమ్ మీద కూడా డేటా రోమింగ్ ఆపే ఉంచండి. అప్పుడు పొరపాటున అవతలి టవరు పట్టినా నెట్ ఆగిపోతుంది గానీ నెట్‌కి డబ్బు పోదు. కొన్ని ప్లాన్లలో స్విట్జర్లాండ్‌ని కూడా కలుపుతారు. కొనేటప్పుడు దేశాల పట్టీలో ఆ పేరుందో లేదో చదవమనండి, 'యూరప్' అని రాసి ఉంటే చాలదు.

ఇక మీ వారి ఫోను సంగతి. అక్కడ లెబారా, లైకామొబైల్ అని విదేశాలకి మాట్లాడేవాళ్ళు వాడే సిమ్ములున్నాయి. ఇండియాకి మామూలు కాల్ నిమిషాలుండే ప్యాక్ చూసి వేసుకోండి. దాంతో ఆయన బటన్ల ఫోనుకి నేరుగా చెయ్యొచ్చు, ఆయనవైపు నెట్ అక్కర్లేదు. ఆయన మీకు కబురు చెయ్యాలంటే మీ ఇండియా నంబరుకి మిస్డ్ కాల్ ఇమ్మనండి. రోమింగ్‌లో వచ్చిన కాలు ఎత్తితే డబ్బు, మోగి ఊరుకుంటే లేదు. మీరు ఎత్తకుండా జర్మనీ సిమ్ నుంచి తిరిగి చెయ్యండి. నిజంగా అత్యవసరమైతే ఎత్తేయండి, ఆ డబ్బు చూసుకోవద్దు. ఒక మిస్డ్ కాల్ మామూలుది, వెంటవెంటనే మూడు వస్తే అర్జెంటు అని ముందే అనుకోండి. మా నాన్నగారితో నేను అలాగే పెట్టుకున్నాను.

బయల్దేరే ముందు ##002# కొట్టి కాల్ ఫార్వర్డింగులన్నీ తీసేయండి. మీరు ఎత్తని కాలు వాయిస్‌మెయిల్‌కో ఇంకో నంబరుకో తిరిగి వెళ్తే దానికీ ఛార్జీ పడొచ్చు.

జర్మనీలో 2017 జూలై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కి కూడా గుర్తింపు చూపించాలి. వచ్చీరాని భాషతో మీరు పాస్‌పోర్టు పట్టుకుని తిరగడం కంటే అమ్మాయి తన పేరు మీద ముందే తీసి ఉంచితే మేలు. దిగిన రోజు జూరిక్‌లో, రైల్లో వాడుకోవడానికి మాత్రం శీను గారు చెప్పినట్టు ఇండియా సిమ్ మీద ఒక్కరోజు ప్యాక్ వేసుకోండి, స్విట్జర్లాండ్ ఉన్న ప్యాక్ చూసి. ఆ ఒక్కరోజూ డేటా రోమింగ్ ఆన్ చేసి, ఇంటికి చేరగానే ఆపేయండి. ఎయిర్‌పోర్టు వైఫై ఉంది కదా అని ధీమాగా ఉండకండి, కొన్నిచోట్ల వైఫైకి కూడా ఎస్సెమ్మెస్‌లో కోడు అడుగుతారు.

---

జయపురం_వదిన

అక్కా, నేను పోయినేడు మా కోడలి పురిటికి నెదర్లాండ్స్ వెళ్ళొచ్చాను. వీళ్ళు చెప్పనిది ఒకటుంది. మీ ఫోనులో నంబర్లన్నీ +91 పెట్టి మళ్ళీ సేవ్ చేసుకోండి. నాకు అది తెలీక మొదటి మూడు రోజులూ ఎవరికి చేసినా కలవలేదు, ఫోనే పాడైందనుకుని ఏడ్చాను. బ్యాంకు వాళ్ళ 1800 నంబరు అక్కడి నుంచి కలవలేదు, మామూలు నంబరు రాసుకుపోండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద కూడా రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. చార్జింగ్ అయిపోతే ఆ కాగితమే ఆధారం.

విమానంలో ఫ్లైట్ మోడ్ మర్చిపోవద్దు. కొన్ని విమానాల్లో లోపలే టవరులాంటిది ఉంటుంది, ఫోను దాన్ని పట్టుకుంటే రేటు చాలా ఎక్కువట.

---

పర్లాకిమిడి_టీచరమ్మ

మీ అందరికీ ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు. *#06# కొట్టాను, ఈఐడీ రాలేదు. మామూలు సిమ్మే తీసుకోమని అమ్మాయికి చెప్పాను. మిస్డ్ కాల్ పద్ధతి మా వారికి బాగా నచ్చింది, పేపరు మీద 'ఒకటి: కులాసా. మూడు: రా' అని రాసి గోడకి అంటించారు. 'రా' కాదండీ, 'ఫోను చెయ్యి' అని రాయండి అంటే అలాగే ఉండనీ అన్నారు.

ఒక్క అనుమానం. కొత్త సిమ్ వేశాక వాట్సాప్ పాత నంబరు మీదే ఉంటుందా? చుట్టాలందరికీ అదే తెలుసు.

---

బరంపురం_మొబైల్స్

ఉంటుందమ్మా. వాట్సాప్‌కి నెట్ కావాలి గానీ అది ఏ సిమ్‌దైనా ఫరవాలేదు. నంబరు మార్చాలా అని అడిగితే వద్దని నొక్కండి. ఇండియా సిమ్‌ని మాత్రం తీసి పర్సులో పెట్టకండి, ఫోనులో మొదటి సిమ్ గదిలోనే ఉండనివ్వండి. డేటాకి రెండో సిమ్ ఎంచుకుని, సిగ్నల్ తగ్గితే డేటా దానంతటదే మొదటి సిమ్‌కి మారే సెట్టింగ్ ఏదైనా ఉంటే ఆపేయండి. వాట్సాప్‌లో కాల్స్‌కి తక్కువ డేటా వాడే ఆప్షన్ ఉంది, అది పెట్టుకుంటే వీడియో కాల్స్‌కి ప్యాక్ ఎక్కువ రోజులొస్తుంది.

---

పర్లాకిమిడి_టీచరమ్మ (అక్టోబరు 31)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఈ నెల 24న మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా కులాసా.

జూరిక్‌లో దిగాక ప్యాక్ పనిచేసింది. రైల్లో ఉండగానే అల్లుడితో మాట్లాడాను. రాయగడ బాబూ, మీరు చెప్పిన వీధి చూశాను. ఒకప్పుడు అక్కడ కంచె ఉండేదట, ఇప్పుడు దాని చోట ఎర్రటి ఇనప శిల్పాలు వరసగా నిలబెట్టారు. వాటి మధ్యలోంచి పిల్లలు సైకిళ్ళ మీద అటూ ఇటూ పోతున్నారు. నాకు పాతపట్నం దారే గుర్తొచ్చింది. అక్కడ నిలబడి ఫోను చూస్తే సిగ్నల్ లేదని చూపించింది. జర్మనీ కంపెనీని చేత్తో ఎంచి ఉంచాను కదా, అవతలి టవరు అందుతున్నా పట్టుకోలేదు. రెండడుగులు వెనక్కి వస్తే గీతలు వచ్చేశాయి. ఒకసారి మాత్రం ఫోను ఆపి మళ్ళీ ఆన్ చేశాక ఆటోమేటిక్‌కి మారిపోయింది, అప్పట్నుంచి ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ చూసుకుంటున్నాను. ఇటు వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

పెన్షను పడిన మెసేజి వచ్చింది, బ్యాంకు ఓటీపీ రెండుసార్లు వచ్చింది. ఆయన నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఒక్కసారే వచ్చాయి, 24 రాత్రి. గుండె ఆగినంత పనైంది. తిరిగి చేస్తే, పుట్టిందా లేదా అని అడగడానికి ఇచ్చారట. అప్పటికి పుట్టి పది నిమిషాలైంది. ఫోను పాప దగ్గర పెట్టాను, ఏడుపు వినపడింది అన్నారు.

మొన్న ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆయనకి రోజూ మన రాత్రి ఎనిమిదికి చేస్తాను. నిన్నటి వారం అది ఇక్కడ నాలుగున్నర, ఇప్పుడు మూడున్నర. ఆ వేళకి పాప నిద్రలో ఉంటోంది, వంటగదిలోకి వచ్చి మాట్లాడుతున్నాను.